మూడు ఊళ్లకు పంచిన అత్త

ఆ రోజు మా వీధికి కొళాయి నీళ్లు వచ్చే రోజు. అందుకే మామూలు కంటే ముందే లేచాను. వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గు వేశాను. బిందెలు కొళాయి కింద వరుసగా పెట్టాను. పెద్ద తమ్ముడి భార్య, నా మరదలు, ఇంకా లేవలేదు. పక్క వీధిలో మరమగ్గాలు అప్పటికే మోగుతున్నాయి. వాటికి పొద్దూ మాపూ లేదు. దేవుడి గూట్లో దీపం వెలిగించి, జపమాల పట్టుకొని కాసేపు కూర్చున్నాను.

జపం అయ్యాక అత్త గదిలోకి వెళ్లాను. ఆదివారం అత్తను హిందూపురం నుంచి తీసుకొస్తానని చిన్న తమ్ముడు చెప్పి ఉన్నాడు. ముందురోజే ఉతికి ఆరేసిన దుప్పటి మడిచి మంచం మీద పెట్టాను. బొంతను ఎండ తగిలే కిటికీ మీద వేశాను. ఆమె మోకాళ్లకు రాసుకునే ఆముదం సీసా వెలుతురుకు ఎత్తి చూశాను. అడుక్కు వచ్చింది. తెప్పించాలి అనుకున్నాను. వంటింట్లోకి వచ్చి పాలు పొయ్యి మీద పెట్టాను. అవి పొంగేలోపు ఫోన్ మోగింది.

“అక్కా,” అన్నాడు చిన్న తమ్ముడు.

“చెప్పప్పా.”

“అత్త పోయిందక్కా. నిద్రలోనే. కాఫీ ఇద్దామని లేపితే లేయలేదు.”

ఫోన్ పెట్టేసి పొయ్యి ఆర్పాను. బయట బిందె నిండి పొర్లుతోంది. వెళ్లి కొళాయి కట్టేశాను. పెద్ద తమ్ముణ్ణి లేపాను. మా ఇంటికి ఆమె మరణవార్త ఇలా వచ్చింది. మిగతా పొద్దులతో తేడా ఏమీ లేని పొద్దున.

అత్త అంటే మా నాయన చెల్లెలు. చిన్న వయసులోనే భర్త పోతే ధర్మవరంలో పుట్టింటికి తిరిగొచ్చింది. ముందరి గదిలో మా నాయన మగ్గం పక్కన తనకొక మగ్గం వేయించుకుంది. అది గుంట మగ్గం. నేలలో గుంట తవ్వి ఉంటుంది. నేసే మనిషి గట్టు మీద కూర్చొని, కాళ్లు గుంటలోకి దించి, కింద ఉన్న చెక్కలను తొక్కుతూ నేస్తారు. మేము నలుగురం ఆ చెక్కల చప్పుడు వింటూ పెరిగాం. నేను పెద్దదాన్ని. నా వెనక ఇద్దరు తమ్ముళ్లు, ఒక చెల్లెలు. చిన్నవాళ్లు ఏడిస్తే అమ్మ తెచ్చి అత్త పక్కన గట్టు మీద కూర్చోబెట్టేది. ఆమె ఊరడించేది కాదు. నేస్తూనే ఉండేది. కాసేపటికి వాళ్లే ఊరుకునేవాళ్లు.

అత్త ఏమీ చదువుకోలేదు. వైద్యం తెలుసునని ఎన్నడూ అనలేదు. అయినా వీధిలో ఆడవాళ్లు ఒంట్లో బాగాలేకపోతే ముందు ఆమె మగ్గం దగ్గరికే వచ్చేవాళ్లు. ఒకసారి ఎదురింటి ఆమె కడుపు పట్టుకొని వచ్చి గడపలో కూలబడింది.

“ఏం తినినావ్?” అంది అత్త, పోగును అటూ ఇటూ నడిపే నాడెను ఆపకుండానే.

“ఎప్పుడూ తినేదే. సంగటి.”

“ఎవురితో కొట్లాడినావ్?”

“మా ఇంటాయనతో.”

“గెలిచినావా?”

“యాడ గెలుస్తా? నోరెత్తనియ్యడు.”

“అదేలే నొప్పి. జీలకర్ర కాంచుకొని తాగు. తాగినాక పోయి ఈసారి గెలువు. రేపటికీ తగ్గకపోతే ఆస్పత్రికి పో. నా కాడికి రావద్దు.”

ఆమె నవ్వుతూ వెళ్లింది. మాకు అదంతా తమాషాగా ఉండేది. ఒంట్లో నొప్పి అంటే అత్త ముందు తిండి గురించి అడిగేది, తరువాత మనుషుల గురించి అడిగేది, అప్పుడు గానీ మందు మాట ఎత్తేది కాదని చాలా ఏళ్ల తరువాత నాకు అర్థమైంది. నా వంతు వచ్చినప్పుడు.

తొంభైల మొదట్లో నా భర్త పోయాడు. నేనూ అత్తలాగే పుట్టింటికి వచ్చాను. తిండి మానేశాను. జపమాల పట్టుకొని గోడకు ఆనుకొని కూర్చునేదాన్ని. చూసినవాళ్లు ఎంత భక్తి అన్నారు. అత్త ఒక మధ్యాహ్నం మగ్గం దిగి, కంచంలో రాగిసంగటి, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి పెట్టుకొని వచ్చి నా ముందు కూర్చుంది.

“మ్మే, ఉత్త కడుపుతో దేవునికి ఏం చెప్తాండావు? ఆయప్పకు వినపడేదానికన్నా గొంతులో సత్తువుండల్ల కదా.”

నేను మొహం గోడవైపు తిప్పుకున్నాను.

“ముందు తిను. తినినాక ఏడువు. ఏడ్చినాక దండం పెట్టుకో. ఈ వరస తప్పితే ఏదీ ఒంటికి పట్టదు. సంగటి పట్టదు, దేవుడూ పట్టడు.”

తిన్నాను. తింటుండగానే ఏడుపు వచ్చింది. ఆమె కదలకుండా కూర్చుంది. నా వీపు నిమరలేదు, ఊరుకోమనలేదు. నా ఏడుపు అయిపోయాక చెయ్యి కడిగించి, తన మగ్గం పక్కన రాట్నం ముందు కూర్చోబెట్టింది. నాడెలో పెట్టే పట్టు కండెలు చుట్టమంది. ఆ రోజు నుంచి ఏళ్ల తరబడి ఆమెకు కండెలు చుట్టాను. నా జపం నిజంగా మొదలైంది అక్కడే. నాడె అటు పోయినప్పుడు ఒక పేరు, ఇటు వచ్చినప్పుడు ఒక పేరు. ఆమె పెదవులు కదిలేవి, నావీ కదిలేవి. ఇద్దరం పైకి అనేవాళ్లం కాదు.

“ఈడ కూర్చుంటే కాళ్లు తొక్కుతాంటాయి,” అనేది. “చేతులు నాడె యేస్తాంటాయి. కండ్లు పోగును చూస్తాంటాయి. నోట్లో ఆయప్ప పేరుంటాది. ఇంగ మనసు యాడికి పోతాది? దానికి తోడెవురూ దొరకరు. అందరూ ఇంట్లోనే ఉండిపోతారు.”

ఆరోగ్యం గురించి నేను ఆ తరువాత చాలామంది చెప్పగా విన్నాను. శరీరం, మనసు, ఆత్మ అని మూడు వేళ్లు చూపించి చెప్పేవాళ్లనూ విన్నాను. అందరూ ఇంట్లో ఉండటం అన్న మాటకు మించింది ఏదీ వినలేదు.

కానీ మగ్గం ఆమెను చల్లగా చూసిందని నేను రాయను. అది అబద్ధం. మగ్గం ఆమె మోకాళ్లు తినేసింది. రెండువేలు దాటేసరికి గుంటలోంచి లేవాలంటే నేనో, పెద్ద తమ్ముడో చంకల కింద చేతులేసి పైకి లాగాల్సి వచ్చేది. నాయన అప్పటికి పోయాడు. ఆయన మగ్గం ఎప్పుడో విప్పేశారు. పెద్ద తమ్ముడు నేత మాని చీరల వ్యాపారంలోకి దిగాడు. వీధిలో ఒక్కో ఇంట్లో చప్పుడు ఆగిపోతూ వచ్చింది. మా అత్త మాత్రం పొద్దున్నే కాళ్లు కడుక్కొని, గుంట గట్టును తాకి కళ్లకద్దుకొని దిగేది. దిగేటప్పుడు “అబ్బా” అనేది. దిగాక అనేది కాదు.

ఒక సాయంత్రం నేను గుడి నుంచి వచ్చేసరికి ఆమె గుంట అడుగున కూర్చొని ఉంది. లేవబోయి పడిపోయిందట. కాలు మడతపడి ఉంది. మొహం పాలిపోయింది.

“ఎంతసేపాయె అత్తా?”

“అంచు అయిపోయేంత సేపు,” అంది. “కేకేద్దామనుకుంటి. మీ మరదలు సీరియల్ చూస్తాండె. పాపం, ఆ పిల్ల ఎప్పుడన్నా కూర్చుంటాది, ఎందుకులే అనుకుంటి.”

అప్పుడు హిందూపురం ప్రయాణం మొదలైంది. చిన్న తమ్ముడు అక్కడ కంపెనీలో పని చేసేవాడు. ఎముకల డాక్టరు తనకు తెలుసన్నాడు. తోడుగా నేనూ వెళ్లాను. డాక్టరు మంచి మనిషే. ఆమె మోకాళ్లు నెమ్మదిగా తాకి చూశాడు.

“ఎక్కడ నొప్పమ్మా?”

“మోకాళ్లలో ఉండాది సార్. ఎందుకుండాదో కూడా చెప్తా, వింటారా?”

“అది నేను చెప్తాను,” అని నవ్వాడాయన. “నువ్వు మగ్గం గుంటలోకి దిగకూడదు. అదొక్కటి చేస్తే చాలు, మిగతాది నేను చూసుకుంటాను.”

ఆయన చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. మందులు ఇచ్చాడు, కాళ్లకు కసరత్తు నేర్పించాడు. చిన్న తమ్ముడి ఇంట్లోనే ఉండి చేయించుకున్నాం. నొప్పి నిజంగానే తగ్గింది. అత్త ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మెట్లెక్కింది. చిన్న తమ్ముడి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ కన్నీళ్లను నేను తక్కువ చేయను.

మేమిద్దరం ధర్మవరానికి తిరిగొచ్చిన రోజున పెద్ద తమ్ముడు వాకిట్లోనే ఎదురొచ్చాడు. పండగ నాటి పిల్లవాడి మొహంలా ఉంది వాడి మొహం.

“రా అత్తా. నీ కోసం గదంతా సరిచేయించినా. చూడు, ఇంగ కాలు జారేదే లేదు.”

మగ్గం ఉండిన ముందరి గదికి సున్నం కొట్టి ఉంది. ఫ్యాన్ కొత్తది. నేలంతా నల్లటి కడప బండలు పరిచి ఉన్నాయి. మధ్యలో మంచం. అత్త లోపలికి రెండడుగులు వేసి ఆగింది.

“మగ్గం యాడప్పా?”

“విప్పి ఇచ్చేస్తి. బత్తలపల్లి ఆయనొకడు తీసుకపాయె.”

“గుంట?”

“దాని మీదనే నిలబడుకోనుండావు. పూడ్చలేదు, పైన బండ పరిపించినా.” వాడు నవ్వాడు.

అత్త గబుక్కున వెనక్కి అడుగేసింది. దేన్నో తొక్కినట్టు. గది చుట్టూ చూసింది. తరువాత వాడి చెంప మీద చెయ్యి పెట్టింది.

“బాగుందప్పా. కాళ్లు బాగైనాయి. పోయేదానికి తావ లేకపాయ.”

ఆమె హాస్యమాడుతోందనుకొని వాడు ఇంకా నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఒక్క మాట ఆమెను ముందే అడిగి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. బహుశా సరేననేది. ఆమె మొండి మనిషి కాదు. అడగలేదు. ఆమె మోకాళ్ల గురించి అందరం మాట్లాడుకున్నాం. మోకాళ్లతో కాదు కదా మాట్లాడాల్సింది.

కొన్నాళ్లకు ఆమె అడగడం మొదలుపెట్టింది. ఎప్పుడూ ఒకటే అడిగేది.

“ఒక్క బండ తీయండప్పా. నేసేది లేదులే, మగ్గమే లేకపాయ. ఊరికే కాళ్లు దించుకొని కూర్చుంటా.”

“మల్లా పడితే?” అనేవాడు పెద్ద తమ్ముడు. “హిందూపురానికి మల్లా ఎవురు పరిగెత్తల్ల?”

“పిల్లోళ్లు తిరుగుతాంటారు పిన్నీ,” అనేది మరదలు. “అందులో పడితే ఏం గతి?”

“డాక్టర్ వద్దన్నాడు కదత్తా,” అనేవాడు ఫోన్‌లో చిన్న తమ్ముడు.

వాళ్లు చెప్పిన ప్రతి కారణమూ నిజమే. అదే నాకు మింగుడుపడదు. అబద్ధం చెప్పి ఉంటే ఈపాటికి క్షమించి ఉండేదాన్ని. నేనూ పెద్ద తమ్ముణ్ణి అడిగాను, ఆమె మాట వినమని. “నువ్వు దేవునికి దండం పెట్టుకో అక్కా, ఇది డాక్టర్ మాట,” అన్నాడు. మా ఇంట్లో దేవుడి మాటకు ఒక గూడు ఉంది, డాక్టరు మాటకు ఒక మాత్రల డబ్బా ఉంది. రెండూ పక్కపక్కనే ఉన్నా ఒకటి ఒకదానితో మాట్లాడదు.

ఆ తరువాత అత్త కాళ్లు నిద్రలో కదలడం మొదలైంది. మొదట మధ్యాహ్నం కునుకులో చూశాను. దుప్పటి కింద కుడి పాదం కిందికి, ఎడమ పాదం పైకి. ఆగి, మళ్లీ ఎడమది కిందికి. నేను రాట్నం దగ్గర ఏళ్ల తరబడి విన్న లయే అది. లేచాక అడిగాను.

“కాళ్లు ఆడతాండాయి అత్తా.”

“నేస్తాండా మ్మే,” అంది మామూలుగా. “నిన్న నెమలిపింఛం రంగు, దానికి మామిడిపిందెల అంచు. ఈ పొద్దు కుంకుమరంగు పెట్టినా. కలలో పోగు తెగదు తెలుసా? అతికే పనే లేదు.”

ప్రతి పొద్దునా నాకు చీర చెప్పేది. ఏ రంగు, ఏ అంచు, కొంగు ఎంతదాకా వచ్చింది. ఆ రోజుల్లో ఆమె బాగా తినేది, బాగా నవ్వేది. నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన జబ్బు ఏదీ నాకు కనిపించలేదు.

మరదలు చూసింది. భయపడింది. “కాళ్లు వాటంతటవే ఆడతాండాయి” అని పెనుకొండకు ఫోన్ చేసింది. పెనుకొండలో మా చెల్లెలు కాపురం ఉంటుంది. అది మాలో అందరికంటే మెత్తనిది. ఇది మందులతో పోయేది కాదని, ఏదో గాలి సోకిందని అనుకుంది. వచ్చి అత్తను తీసుకెళ్లింది. దర్గాలో కూర్చోబెట్టింది, గుళ్లో ప్రదక్షిణలు చేయించింది. తమ వీధిలో ఒక ముసలామె చేత రెండు కాళ్లకూ నల్లదారాలు కట్టించింది.

ఆ ఇంట్లో ఒక నెల ఉండి వచ్చాక అత్త నాతో అంది: “దర్గాలో బాగుంటాది మ్మే. ఆడ అందరూ ఏదో ఒకటి మోసుకొచ్చినోళ్లే. ఎవురూ ఎవురినీ ఏమీ అడగరు. కండ్లు మూసుకొని కూర్చుంటాంటి. ఈ దారాలే, మీ చెల్లెలు నాకు ముకుతాడేయాల్సింది కాళ్లకేసినాది.”

దారాలు కట్టినా కాళ్లు ఆడుతూనే ఉన్నాయి. అప్పుడు చిన్న తమ్ముడు మళ్లీ ముందుకొచ్చాడు. ఈసారి నరాల డాక్టరు. పడుకునే ముందు వేసుకోవాల్సిన మాత్ర. కాళ్లు ఆగిపోయాయి. ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది. పెద్ద తమ్ముడు స్వీట్లు తెచ్చాడు.

“ఈ పొద్దు ఏం చీర అత్తా?” అని మరునాడు అడిగాను.

“రాలేదు మ్మే,” అంది. “ఊరికే నిద్రొచ్చె.”

ఆ తరువాత కూడా రాలేదు. నేనూ అడగడం మానుకున్నాను. ఆమె తిండి తగ్గింది. మగ్గం మీద ఒంగి ఒంగి ఏనాడూ నొప్పి అనని వీపు, మంచం మీద పడుకొని నొప్పి అనడం మొదలుపెట్టింది. దానికి ఇంకో డాక్టరు దొరికాడు.

ఉగాదికి అందరూ ధర్మవరంలో కలిశారు. అత్త మంచం చుట్టూ కూర్చున్నారు. ఏ మాత్ర ఎప్పుడు వేయాలో చిన్న తమ్ముడు చెబుతున్నాడు, ఏ గురువారం తీసుకెళ్లాలో చెల్లెలు చెబుతోంది, ఏం వండి పెట్టాలో మరదలు చెబుతోంది. అత్త అందరినీ వరసగా చూసింది.

“నన్ను బాగా పంచుకున్నారప్పా,” అంది. “హిందూపురానికి మోకాళ్లు, పెనుకొండకు ప్రాణం, ధర్మవరానికి పొట్ట. ఒకరికి ఎక్కువా లేదు, ఒకరికి తక్కువా లేదు. నేను యాడుండానో ఒకరన్నా చూసినారా?”

అందరూ పగలబడి నవ్వారు. అత్తకు నోరు తగ్గలేదు, ఆరోగ్యం బాగుందన్నారు.

వేసవి మొదట్లో, డాక్టరు దగ్గరగా ఉంటాడని ఆమెను మళ్లీ హిందూపురం తీసుకెళ్లారు. బయల్దేరేటప్పుడు మంచం దిగి, వీపు పట్టుకొని వంగి, బండను తాకి కళ్లకద్దుకుంది. గట్టును అద్దుకున్నట్టే. “వస్తా,” అంది. నాతోనా, బండతోనా తెలియదు. నేను సంచి పట్టుకొని ఆటో దాకా వెళ్లాను.

ఇంగ ఆ రోజుకు వస్తాను.

చిన్న తమ్ముడు వ్యానులో ఆమెను తీసుకొని బయల్దేరాడు. దారిలో పెనుకొండలో ఆగి చెల్లెల్ని ఎక్కించుకున్నాడు. ఎండ నడినెత్తికి రాకముందే ధర్మవరం చేరారు. మూడు ఊళ్ల మీదుగా ఆమె మొత్తంగా, ఒకే మనిషిగా వచ్చింది ఆ రోజే. వసారాలో పడుకోబెట్టాం. నేను ఆమె కాళ్లు కడిగాను. నల్లదారాలు కత్తిరించి తీసేశాను. పాదాల కింద, బొటనవేళ్ల దగ్గర, చెక్కలు తొక్కి తొక్కి కట్టిన కాయలు ఇంకా మెత్తబడలేదు. వీధిలో మగ్గాలున్న ఇళ్లవాళ్లు పని ఆపి వచ్చారు. ఎదురింటి ఆమె వచ్చి, కడుపు పట్టుకొని గడపలో కూర్చుంది.

మా కులంలో మట్టి చేస్తాం. మగవాళ్లు తీసుకెళ్లి, పొద్దు వాలుతుండగా తిరిగొచ్చారు. ఆమెను పడుకోబెట్టిన చోట నేను ఒక చిన్న దీపం పెట్టి ఉంచాను. అందరూ దాన్ని చూసి దండం పెట్టుకున్నారు. బంధువులు వెళ్లిపోయారు. పక్కింటివాళ్లు అన్నం, పప్పు పంపారు. మేము నలుగురం, మరదలు మిగిలాం.

“ఆకలి లేదక్కా,” అన్నాడు పెద్ద తమ్ముడు.

“ముందు తినండి,” అన్నాను.

తిన్నారు. చేతులు కడుక్కున్నాక చిన్న తమ్ముడు చెప్పాడు: “అక్కా, దీపం మా ఇంట్లో పెట్టేసినాం. నా భార్య పొద్దున్నే పెట్టె. అది చూసుకుంటానే ఆడ ఉండిపోయె.”

ప్రాణం పోయిన చోట దీపం పెట్టి, దినాలు అయ్యేదాకా ఆరకుండా చూసుకోవాలి. అది మా ఆచారం. పోయినవాళ్లు ఆ వెలుగు గుర్తుపట్టి వస్తారంటారు.

“హిందూపురానికి ఎందుకొస్తాది అత్త?” అంది చెల్లెలు. “పుట్టిల్లు ఇది. ఈడ పెట్టల్ల.”

“పోయింది మా ఇంట్లో కదా. నేను చూపించిన డాక్టర్లు, నేను తిప్పిన ఆస్పత్రులు. దీపం కూడా నాకు లేకుండా చేస్తారా?”

“నువ్వొక్కడివే చూసినావా? పెనుకొండలో గురువారం గురువారం ఎవురు తిప్పిరి? అలిసిపోతే నా భుజం మీద ఆనించుకొని...”

“ఇన్నేండ్లు కూడు పెట్టినోళ్లు ఎవురు?” అన్నాడు పెద్ద తమ్ముడు. “గది సరిచేయించినోడెవురు? ఫ్యాన్ ఎవురేసిరి?”

ఒకరి మాట మీద ఒకరు పడ్డారు. ఎంత బాగా చూసుకున్నారో ఒకరికొకరు చెప్పుకున్నారు. అన్నీ నిజాలే. మళ్లీ పంచుకుంటున్నారు. ఈసారి పంచుకోవడానికి మోకాళ్లు కూడా లేవు.

నాకు మాటలు తక్కువని మా ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే నేను నోరు తెరవగానే ఆగారు.

“పోయిన చోట పెట్టల్ల, అంతే కదా,” అన్నాను. “అత్త ఈడ పోయినాది. ఈ గదిలో. మీరు బండలు పరిచిన పొద్దు.”

పక్క వీధిలో మరమగ్గాలు వినిపిస్తున్నాయి. ముందు చెల్లెలు ఏడ్చింది. తరువాత చిన్న తమ్ముడు. పొద్దుటినుంచీ వాడి కంట నీరు చూడలేదు నేను. పెద్ద తమ్ముడు లేచి పెరట్లోకి వెళ్లాడు. గడ్డపార తీసుకొని వచ్చాడు.

మంచం పక్కకు జరిపాం. బండ సందుల్లో సిమెంటు గట్టిగా ఉంది. వాడు మోకాళ్ల మీద కూర్చొని కొట్టాడు. చిన్నవాడు అందుకున్నాడు. ఒక్క బండే తీశారు. ఆమె అడిగింది కూడా ఒక్కటే. ఇద్దరూ కలిసి దాన్ని ఎత్తి గోడకు ఆనించడానికి కాఫీ తాగేంత సేపు కూడా పట్టలేదు.

లోపల గుంట అలాగే ఉంది. సాలెగూళ్లు, కొంచెం దుమ్ము. ఎక్కడో పోగు ముక్క ఒకటి, రంగు పోయింది. అడుగున, చెక్కలు తొక్కేటప్పుడు మడమలు ఆనే చోట, మట్టిలో రెండు పల్లాలు. పేడతో అలికి అలికి, తొక్కి తొక్కి, రాతిలా నున్నగా తేలి ఉన్నాయి.

నేను వసారాలో పెట్టిన దీపం తీసుకొని వచ్చి గట్టు మీద కూర్చున్నాను. గట్టును తాకి కళ్లకద్దుకున్నాను. కాళ్లు దించాను. ఆ పల్లాలను తొక్కకుండా పక్కగా దిగి, రెండింటి మధ్యా దీపం పెట్టాను. సీసాలో మిగిలిన ఆముదం ప్రమిదలో పోశాను. సరిపోయింది. దండం పెట్టుకున్నాను. పైకి రావడానికి పెద్ద తమ్ముడు చంకల కింద చేతులేసి లాగాడు, ఆమెను లాగినట్టే.

గుంట చుట్టూ నిలబడి మాట్లాడుకున్నాం. దినాలు అయ్యేదాకా దీపం ఇక్కడే ఉండాలి. నూనె నేను చూసుకోవాలి. చిన్న తమ్ముడి భార్య హిందూపురంలో పెట్టిన దీపం ఆరనివ్వకుండా అదీ ఉంచాలి. పెద్దకర్మ అయిన మరునాడు గుంట పూడ్చేయాలి, పిల్లలు తిరిగే ఇల్లు. బండలు కూడా తీసేసి, గదంతా టైల్స్ వేయించాలి. లేత రంగైతే గది వెడల్పుగా కనిపిస్తుందని మరదలు అంది. సరేనన్నారు. ఈ మాటల్లో ఎవరికీ ఎవరితోనూ పేచీ రాలేదు.

అప్పటికి పొద్దు పూర్తిగా కుంగింది. లైటు వేయడం ఎవరికీ గుర్తు రాలేదు. నేల కింది నుంచి వస్తున్న వెలుగు చుట్టూ నిలబడినవాళ్ల మోకాళ్ల దాకా పడింది. ఆ పైన మొహాలు కనిపించలేదు.